డివిజన్‌లో నిలబడాలనుకుంటే: విజయవాడ, గుంటూరు కార్పొరేటర్ అభ్యర్థులకు

కార్పొరేటర్‌గా పోటీ చేద్దామనుకునేవాళ్లు మొదట అడిగేది ‘ఎంత ఖర్చవుతుంది?’ అని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ‘ఎన్ని గడపలు?’ అని.

విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. 2021 మార్చి 10న పోలింగ్ ఈ లెక్క ప్రకారమే జరిగింది. 2014లో విజయవాడలో ఉన్నవి 59 డివిజన్లే. కాబట్టి మీ వీధి ఏ డివిజన్‌లో ఉందో పాత ఎన్నిక చూసి అనుకోకండి, కొత్త హద్దుల ప్రకటన చేతికి తీసుకుని వీధి వీధీ నడిచి చూసుకోండి. విజయవాడ జనాభా పది లక్షల పైమాట, దాన్ని 64తో భాగిస్తే డివిజన్‌కు సుమారు 16 వేల మంది. ఓటర్లు పది పన్నెండు వేల మంది ఉంటారు, ఇళ్లు నాలుగు వేల దగ్గర. సాయంత్రం ఐదింటికి బయల్దేరి ఎనిమిదింటిదాకా తిరిగితే, నడకతో కలిపి ఇంటికి ఆరు నిమిషాలు చొప్పున, ముప్పై గడపలు దాటలేరు. అంటే ఒక్క చుట్టు పూర్తి కావడానికి 130కి పైగా సాయంత్రాలు కావాలి. పండగలు, వానలు, ఇంట్లో పనులు పోను ఆరు నెలలు. నోటిఫికేషన్ వచ్చాక పోలింగ్‌కు మిగిలేది రెండు మూడు వారాలే. అప్పుడు మొదలుపెట్టినవాళ్లకు జీపు మీద నిలబడి చెయ్యి ఊపడం తప్ప ఇంకేం కుదరదు.

డబ్బున్నవాళ్లతో డబ్బులో పోటీ పడలేని మనిషి గెలవగలిగేది ఈ ఆరు నెలల్లోనే. జనం మీద దయ ఉందని చెప్పుకుంటే ఓట్లు రావు. ఒక ఇంటి పని పట్టుకుంటే అది తెమిలేదాకా వదలకపోవడమే డివిజన్ స్థాయిలో దయ. కింద రాసినవన్నీ దానికోసమే.

నోటు పుస్తకం

వీధికొకటి చొప్పున 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు కొనండి. ఎడమ పేజీలో డోర్ నంబరు, ఇంట్లో ఓట్లెన్ని, ఎవరు ఏ వేళకు దొరుకుతారు. కుడి పేజీలో ఆ ఇంటి పని ఒక్కటి, ఎవరికి చెప్పాం, ఏ తేదీన, ఫిర్యాదు నంబరు, తీరిన తేదీ. ఒక వరస ఇలా ఉంటుంది:

‘కొండమీద, ట్యాంకు కింద మూడో ఇల్లు. పెద్దావిడ ఒక్కతే. మెట్లు దిగలేదు. పింఛనుకు వేలిముద్ర పడటం లేదు. 1వ తేదీ సచివాలయంలో సంక్షేమ కార్యదర్శికి చెప్పాం. 3న ఇంటికే వచ్చి ముఖ గుర్తింపుతో ఇచ్చారు. మెట్ల పక్కన రెయిలింగ్ అడిగింది, ఇంకా కాలేదు.’

చివరి వాక్యం చాలా ముఖ్యం. కానిది కూడా రాయాలి. రెండో చుట్టు వెళ్లినప్పుడు ‘రెయిలింగ్ సంగతి ఇంకా తేలలేదమ్మా, ఎస్టిమేట్ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) దగ్గరే ఉంది’ అని మీరే ముందు చెబితే, ఆవిడ మీ మాట నమ్ముతుంది. ఆవిడే అడిగేదాకా ఆగితే, తప్పించుకు తిరుగుతున్నారనుకుంటుంది.

పుస్తకంలో కులం రాయకండి, ఏ పార్టీవాళ్లో రాయకండి. ఆధార్ జిరాక్సులు తీసుకోకండి. పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. ఒక ఇంట్లో జబ్బు సంగతి నాలుగో ఇంటికి తెలిసిందంటే ఆ వీధిలో మీకిక ఎవరూ మనసు విప్పి చెప్పరు.

గడపలో ‘మీ సమస్యలేంటి?’ అని అడిగితే పది చెబుతారు, పదీ అలాగే ఉండిపోతాయి. ‘ఈ నెలలో ఏ ఒక్కటి తీరితే మీకు కాస్త హాయిగా ఉంటుంది?’ అని అడగండి. వచ్చిన జవాబు మూడు రకాల్లో ఒకటై ఉంటుంది. వెలగని వీధిలైటు, ఎత్తని చెత్త, పగిలిన మ్యాన్‌హోల్ మూత వారంలో తీరేవి. కాలువ పూడిక, పైపు లీకు నెలలు పట్టేవి. భూగర్భ మురుగు లైను (యూజీడీ), కొండ ఇళ్ల పట్టాలు ఏళ్లు పట్టేవి. ఏది ఏ రకమో అక్కడే, ఆ గడపలోనే చెప్పేయండి.

మీ చేతిలో లేనివి కూడా దాచకండి. పింఛను, రేషన్ కార్డు కార్పొరేటర్ మంజూరు చేసేవి కావు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, బుడమేరు ఇరిగేషన్ శాఖవి. కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్‌ది. పట్టా రెవెన్యూవాళ్లది. కార్పొరేటర్ చేతిలో ఉండేది కౌన్సిల్‌లో నోరు, బడ్జెట్ మీద ఓటు, అధికారుల వెంట పడే ఓపిక. మేయర్ కూడా జనం నేరుగా ఎన్నుకునే మనిషి కాదు, కార్పొరేటర్లూ ఎక్స్ అఫీషియో సభ్యులూ (ఎమ్మెల్యే, ఎంపీల వంటివాళ్లు) కలిసి ఎన్నుకుంటారు. ఇవి తెలియకుండా హామీ ఇచ్చినవాళ్లే మొదటి ఏడాది తిరిగేసరికి ఆ వీధుల్లోకి రావడానికి మొహం చెల్లక మానేస్తారు.

ఫిర్యాదు ఎలా నడపాలి

మొదటి మెట్టు వార్డు సచివాలయం. నీళ్లు, రోడ్డు, లైటు అయితే వసతుల కార్యదర్శి. చెత్త, కాలువ అయితే పారిశుద్ధ్య కార్యదర్శి. నోటిమాటగా చెప్పి రాకండి, నంబరు తీసుకోండి. గడువు దాటితే ఏఈ దగ్గరికో, శానిటరీ ఇన్‌స్పెక్టర్ దగ్గరికో వెళ్లండి. అక్కడా కాకపోతే సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఎక్కడ చెడుతుందంటే, పని కాకుండానే ‘పరిష్కరించబడింది’ అని ఫిర్యాదు మూసేస్తారు. మూసిన రోజునే అదే చోట ఫొటో తీసి, వెనక గోడో షాపు బోర్డో కనిపించేలా చూసుకుని, మళ్లీ తెరిపించండి. రెండో తప్పు మనవైపే జరుగుతుంది: అభ్యర్థి ఒక్కడే వెళ్లి పని చేయించుకొస్తాడు. ఆ ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లండి. సచివాలయంలో ఏ బల్ల దగ్గర ఏం అడగాలో తెలిసిన ఆడవాళ్లు వీధికి ఇద్దరు తయారైతే, మీరు ఓడిపోయినా ఆ వీధి పనులు ఆగవు.

నీళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగండి

2018 మార్చిలో పాత గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటిలో మురుగు కలవడం వల్లే అది జరిగింది. ఆ ముప్పు రెండు నగరాల పాత పేటల్లో ఇప్పటికీ ఉంది. ఎలా కలుస్తుందో అభ్యర్థికి తెలిసుండాలి. చాలా వీధుల్లో ఇంటి కనెక్షన్ పైపు సైడు కాలువ అడుగునుంచో, దాన్ని అడ్డంగా దాటుకుంటూనో వస్తుంది. నీళ్లు వదిలేది రోజుకు కొద్దిసేపే. వదలడం ఆపాక పైపు ఖాళీ అవుతుంది, లోపల పీడనం పడిపోతుంది, తుప్పు పట్టిన జాయింట్ దగ్గర కాలువలోని మురుగును లోపలికి లాగేస్తుంది. అందుకే నీళ్లు వదిలిన మొదటి ఐదు పది నిమిషాల్లోనే వాసన, రంగు కనిపిస్తాయి. ఎవరైనా మోటారు నేరుగా పైపుకు బిగిస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది.

క్లోరోస్కోప్ అనే చిన్న కిట్టు ఒకటి కొనండి. గొట్టంలో కొళాయి నీళ్లు పట్టి, ద్రావణం చుక్కలు వేసి, వచ్చిన పసుపు రంగును పక్కనున్న రంగులతో పోల్చాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగిలుండాలి. ట్యాంకు పక్క ఇంట్లో చూస్తే బాగానే ఉంటుంది. చూడాల్సింది లైను చివరి కొళాయి దగ్గర. వీధికి మూడు ఇళ్లలో, నీళ్లు వదిలిన మొదటి పావుగంటలో చూసి, తేదీ, వేళ రాసుకోండి. పసుపే రాకపోతే వెంటనే ఏఈకి ఫోన్ చేయండి. ఆ వీధిలో గడపగడపకూ వెళ్లి నీళ్లు కాచి తాగమని చెప్పండి. అంతకు ముందే వాట్సాప్‌లో పెట్టి జనాన్ని బెదరగొట్టకండి, మంచి నీళ్లు వచ్చే వీధివాళ్లు కూడా క్యాన్లు కొనుక్కుంటారు, రోజుకూలీ ఇంటికి అది బరువు.

కొండ ప్రాంతాల్లో ఇంకో చిక్కు ఉంది. మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ వైపు కొండల మీద కింది ఇళ్లవాళ్లు మోటార్లు పెడితే పై ఇళ్లకు చుక్క ఎక్కదు. పైపుకు మోటారు బిగించడం నిబంధనలకు విరుద్ధం. కానీ మోటారు పెట్టినవాళ్లూ మీ ఓటర్లే. చాలామంది అభ్యర్థులు ఇక్కడే నోరు మూసుకుంటారు. అలా చేయకండి. నీళ్లు వచ్చే వేళకు కింది ఇంటివాళ్లను ఇద్దరు ముగ్గురిని పైకి తీసుకెళ్లండి. బిందె పట్టుకుని కొళాయి దగ్గర కూర్చున్నవాళ్లను వాళ్ల కళ్లతో చూడనివ్వండి. తర్వాత ఫలానా వేళదాకా మోటారు వేయకూడదని మెట్ల వరసవాళ్లంతా కలిసి కట్టుబాటు చేసుకునేలా చూడండి. అధికారులను పంపి మోటారు పీకించడం ఆఖరి దారి.

ఎవరూ అడగని మూడు పనులు

మొదటిది వరద జాబితా. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ఇళ్లలోకి వచ్చినప్పుడు ఆహార పొట్లాలు ఫ్లైఓవర్ దాకా, పెద్ద రోడ్ల దాకా వచ్చాయి. లోపలి వీధులకు చేరడమే కష్టమైంది. ఏ ఇంట్లో మంచం దిగలేని మనిషి ఉన్నారు, ఎవరికి డయాలసిస్ ఉంది, ఏ గర్భిణికి నెలలు నిండాయి, ఎవరిది కింది అంతస్తు, పక్కనే ఎవరి మేడకు చేర్చవచ్చు అనే ఐదు గడుల జాబితా వీధికొకటి చాలు. కాగితం మీదే ఉండాలి, ఎందుకంటే కరెంటు పోయిన రెండో రోజుకు ఫోన్ పనిచేయదు. మే నెలలో ఒకసారి సరిచూడండి. కొండ కింద ఇళ్లకు ఈ జాబితాలో ఇంకో గడి చేర్చండి: వెనక బండ కదిలేలా ఉందా, గోడలో కొత్త బీట పడిందా. ఆ వరదకు సరిగ్గా ముందు రోజే, 2024 ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు.

రెండోది పారిశుద్ధ్య కార్మికుల సంగతి. మ్యాన్‌హోల్ పొంగినప్పుడు వీధంతా మిమ్మల్నే చూస్తుంది, ‘ఎవరినో ఒకరిని దింపించండి సార్’ అంటారు. దింపకండి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. లోపల పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ రెండు మూడు పీల్పుల్లోనే మనిషిని పడేస్తుంది, కాపాడదామని దిగిన రెండో మనిషి కూడా పోతాడు. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. కానీ మనిషి పోయాక వచ్చే డబ్బు గురించి మాట్లాడుకునే పరిస్థితే రాకూడదు. నీటి ఒత్తిడితో మురుగు లైను కడిగే జెట్టింగ్ మిషన్ కోసం ఫోన్ చేయండి, వచ్చేదాకా వీధివాళ్లతో పాటు అక్కడే నిలబడండి.

మూడోది తోపుడు బండ్లు. బండ్లవల్ల నడవలేకపోతున్నామని ఇళ్లవాళ్లు, తీసేస్తే పస్తులని బండ్లవాళ్లు. ఇద్దరికీ సరేనని తల ఊపితే రెండు వైపులా పోతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, ధ్రువపత్రం ఇవ్వాలి, తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టేపు పట్టుకుని వెళ్లి రోడ్డు వెడల్పు కొలవండి. ఆటో ఒకటి, నడిచేవాళ్లు ఇద్దరు పట్టేంత దారి వదిలాక ఎన్ని బండ్లు నిలుస్తాయో సున్నంతో గీత గీసి రెండు పక్షాలకూ చూపించండి. నేలమీద గీత కనిపిస్తే అరుపులు సగం తగ్గుతాయి.

కులం, డబ్బు

కుల సంఘాల సమావేశాలు వేరువేరుగా పెట్టి ఒక్కో చోట ఒక్కో మాట చెబితే సాయంత్రానికి అన్నీ అందరికీ తెలుస్తాయి. కులం పేరుతో ఓటు అడగడం ఎన్నికల నియమావళికి కూడా విరుద్ధం. వీధి వరసలో వెళ్లండి: ఈ చివర మొదలుపెట్టి ఆ చివర దాకా, ఏ గడపా వదలకుండా. ఎవరింట్లో మంచినీళ్లు ఇచ్చినా తాగండి. మనుషులు మరిచిపోని సంగతి ఇది. చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు కండువా, కరపత్రం బయటే వదిలేయండి. పాడె మోయడానికి మనిషి తక్కువైతే భుజం పట్టండి, ఓటు మాట ఎత్తకండి. సాయం చేసేటప్పుడు ఫొటో వద్దు. బియ్యం తీసుకుంటున్న మనిషి మొహం ఫ్లెక్సీ మీద కనిపిస్తే ఆ ఇంటిల్లిపాదికీ తలవంపు.

చివరి రెండు రోజుల్లో గడప దగ్గర ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది.

‘అందరూ ఇస్తున్నారు బాబూ. మీరెంతిస్తున్నారు?’

‘నేను డబ్బులివ్వను పిన్నిగారూ. ఇచ్చాననుకోండి, రేపు మీరు కాలువ సంగతి అడిగినప్పుడు, లెక్క తీరిపోయిందిగా అంటాను. మీ వీధిలైటు వెలిగింది, పైపు లీకు ఇంకా కాలేదు. ఆ రెండూ చూసి వేయండి.’

అంతే చెప్పి నమస్కారం పెట్టి ముందుకు కదలండి. డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే. అయినా గడపలో నిలబడి ఆవిడకు నీతి చెప్పకండి. ‘వాళ్ల దగ్గర తీసుకుని మాకు వేయండి’ అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆ మాటతో మీ ఆరు నెలల పనీ ఇంకో బేరంగా మారిపోతుంది.

కాగితాలు

వయసు 21 నిండాలి. నగరపాలక సంస్థ ఓటరు జాబితాలో పేరుండాలి, ప్రతిపాదించే మనిషి అదే డివిజన్ ఓటరై ఉండాలి. జాబితాలో మీ పేరు, ప్రతిపాదకుడి పేరు, వరస సంఖ్య ముసాయిదా వచ్చిన రోజే చూసుకోండి. చనిపోయినవాళ్ల పేర్లు, ఇల్లు మారినవాళ్లవి, కొత్తగా 18 నిండినవాళ్లవి కూడా అప్పుడే సరిచేయించాలి.

ఇంటి పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ చార్జీలు, ఖాళీ స్థలం పన్ను నోటిఫికేషన్‌కు ముందే కట్టి రసీదులు ఫైల్లో పెట్టండి. కార్పొరేషన్‌తో కాంట్రాక్టు ఉంటే అనర్హత తగులుతుంది. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. లేకపోతే ‘లేదు’ అని, సంబంధం లేకపోతే ‘వర్తించదు’ అని రాయండి. గీత గీసి వదిలేయడం, ఒక పేజీలో సంతకం మర్చిపోవడం వల్లే పరిశీలనలో గొడవలు వస్తాయి. చివరి రోజు చివరి గంట దాకా ఆగకండి. మొదటి రోజే ఒక నామినేషన్ సెట్టు వేస్తే, తప్పుంటే రెండోది వేసే వ్యవధి ఉంటుంది.

డిపాజిట్ ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సగమే. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది. పార్టీ తరఫున అయితే ఏ, బీ ఫారాలు (మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితాలు) కావాలి. బీ ఫారం ఎవరికో చివరిదాకా తేలకపోవచ్చు. స్వతంత్రంగా అయితే గుర్తుల జాబితాలోంచి పెద్దావిడకు కూడా ఒక్క మాటలో చెప్పగలిగేది కోరుకోండి.

రిజర్వేషన్ గురించి ముందే మనసు సిద్ధం చేసుకోండి. సగం స్థానాలు మహిళలవి, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు వేరే. మీరు తిరిగిన డివిజన్ మీకు కాకుండా పోవచ్చు. అప్పుడు ఇంట్లో ఆడవాళ్ల పేరు పెట్టి వెనక మీరు నడిపితే మొదటి కౌన్సిల్ సమావేశంలోనే తెలిసిపోతుంది. మొదటి నెల నుంచి పుస్తకాలు పట్టుకుని తిరిగిన మహిళలను, వేరే వర్గాలవాళ్లను జట్టులో ఉంచుకుంటే, అర్హత ఉన్న మనిషి అప్పటికే వీధులకు తెలిసిన మనిషై ఉంటుంది.

ఖర్చంతా ఒకేసారి పెట్టేయకండి. 2020 మార్చిలో నామినేషన్లు వేసినవాళ్లు కోవిడ్ వల్ల 2021 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ఇంటికొక కరపత్రం చొప్పున నాలుగు వేలు చాలు, ఓటరుకొకటి అక్కర్లేదు. ముందు వైపు మీరు చేయించిన పనులు ఫిర్యాదు తేదీలతో, వెనక మీ ఫోన్ నంబరు. రోజు ఖర్చు ఆ రాత్రే రాయాలి, బిల్లు లేనిది ఖర్చు పెట్టకూడదు. మైకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వాడకూడదు, పరీక్షల కాలమైతే ఏడింటికే ఆపేయండి.

పోలింగ్, ఆ తర్వాత

డివిజన్‌లో పన్నెండు బూత్‌లుంటే ఏజెంట్లు 24 మంది కావాలి, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. ఆ బూత్ ఓటర్లను మొహం చూసి గుర్తుపట్టే మనిషే కావాలి. 2021లో ఇక్కడ బ్యాలెట్ పెట్టెలే వాడారు. ఈసారీ అవే అయితే ముద్ర వేయడం నేర్పాలి: ఒక గడిలోనే స్పష్టంగా పడాలి, రెండిటి మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోయినా, పేరో సంతకమో రాసినా చెల్లదు. నమూనా కాగితం పట్టుకెళ్లి పెద్దవాళ్లతో రెండుసార్లు మడత పెట్టించండి. నడవలేనివాళ్ల కోసం ర్యాంపు, చక్రాల కుర్చీ ఉన్నాయో లేదో ముందు రోజే వెళ్లి చూసి, లేకపోతే అధికారికి రాసివ్వండి. మీ ఆటోల్లో ఓటర్లను తరలించకండి, అది నేరం. కేంద్రానికి వంద మీటర్ల లోపు ప్రచారం కూడా నేరమే.

లెక్కింపు అయ్యాక వారం రోజుల పని ఉంటుంది. మీ పోస్టర్లు, తాళ్లు, గోడ రాతలు మీరే తీయించండి. ఆటోవాళ్లకు, టెంటువాళ్లకు బాకీలు తీర్చి, ఖర్చుల లెక్క గడువులోగా అందజేయండి. ఇవ్వకపోతే ముందు ముందు పోటీకి అనర్హులవుతారు. పుస్తకాల్లో తీరిన తేదీ పడని వరసలన్నీ ఒక కాగితం మీదికి ఎత్తండి. గెలిస్తే అది మీ మొదటి నెల పని. ఓడితే ఇంటి గుట్లు తీసేసి, ఫిర్యాదు నంబర్లు, తేదీలు మాత్రం ఉన్న ప్రతిని గెలిచిన కార్పొరేటర్‌కు స్వయంగా ఇచ్చి, రెయిలింగ్ అడిగిన పెద్దావిడకు ఆ మాట చెప్పి రండి.